అద్దాల తలుపుకు పసుపు బొట్లు

నూకరత్నం కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చేసరికి ఆమె భర్త గౌరీశ్వరరావు బాల్కనీ తలుపు రెండద్దాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ అద్దాల మధ్య ఖాళీ బొటనవేలు మందం. ఆయన అందులో ఎక్కడా నలగకుండా, కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు.

నూకరత్నానికి ముందు కుర్చీ గురించి కోపం వస్తుంది. ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ కుంటివే. కుంటకుండా నిలబడేది అదొక్కటి. దాన్నే ఆయన లోపలికి పట్టుకుపోయాడు.

"కాఫీ," అంటుంది గ్లాసు చూపించి. ఆయన తలెత్తి, మర్యాదగా నవ్వి, మళ్లీ పేపర్లోకి వెళ్లిపోతాడు. మాట ఆయనకు వినపడలేదు. వినపడకూడదనే కదా ఆ తలుపు పెట్టించింది.

విశాఖపట్నంలో వాళ్లుండేది మూడో అంతస్తు. వీధికి అవతల కల్యాణమండపం. ముహూర్తాలున్న నెలల్లో బాజాలు, డీజే, మైకు పట్టుకుని వదలని పెళ్లికొడుకు మేనమామలు. గౌరీశ్వరరావు ఉద్యోగం కూడా మైకు ముందే. బస్టాండులో అనౌన్సరు. పొద్దున్నించి సాయంత్రం దాకా పాలకొండ, పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, ఇచ్ఛాపురం అని ఊళ్ల పేర్లు పిలుస్తాడు. ఇంటికొచ్చేసరికి నోట్లో మాట మిగలదు, చెవుల్లో చోటు మిగలదు. అందుకని రెండద్దాల తలుపు పెట్టించాడు. బయటో అద్దం, లోపలో అద్దం, మధ్యలో ఏదో గ్యాసు, చుట్టూ గాలి కూడా దూరకుండా సీలు. ఆ రోజు నుంచి ఎదురింటి పెళ్లిళ్లన్నీ మూగవైపోయాయి. సన్నాయి ఊదేవాళ్ల బుగ్గలు ఉబ్బడం కనపడుతుంది గానీ సన్నాయి వినపడదు.

బయటి చప్పుళ్లన్నీ ఆగిపోయాక ఇంట్లో మిగిలింది నూకరత్నం గొంతు. ఆమె మాట్లాడే మనిషి. పాలపేకెట్టుతో మాట్లాడుతుంది, పొంగబోయే పాలతో మాట్లాడుతుంది, పొంగిపోయాక పొయ్యితో మాట్లాడుతుంది. భర్తతోనూ మాట్లాడుతుంది. ఆయన "ఊ" అంటాడు. ఆ ఊ కూడా మైకు కట్టేశాక వచ్చే గరగరలా ఉంటుంది.

ఇప్పుడాయన ఆ "ఊ" కూడా అక్కర్లేని చోటికి వెళ్లి కూర్చున్నాడు. నా నోరు పడలేకే కదా, అనుకుంటుంది నూకరత్నం. కాఫీ తనే తాగేస్తుంది.

అలిగినవాళ్లకైనా ఆకలి వేస్తుంది. లోపలద్దం చుట్టూ ఉన్న నల్ల రబ్బరు ఒక మూల కొంచెం ఊడి ఉంది. నూకరత్నం ఆ సందులోంచి ఇడ్లీ పంపించబోతుంది. ఇడ్లీ పట్టదు. నొక్కి చూస్తుంది, తిప్పి చూస్తుంది, ఆఖరికి ఇడ్లీలు తన పళ్లెంలో వేసుకుని పెసరపిండి రుబ్బుతుంది. పెసరట్టు పడుతుంది. జారుకుంటూ వెళ్లి ఆయన ఒళ్లో దిగుతుంది. అల్లం పచ్చడి రబ్బరు అంచున రాస్తే అదే కారుకుంటూ వెనకాలే వెళుతుంది. ఆయన తిని, ఇంకోటి అన్నట్టు వేలు చూపిస్తాడు. తర్వాత ఇంకోటి. ఇన్ని పెసరట్లు తినే మనిషి తన మీద అలిగాడని అనుకోవడం కష్టమే. అయినా నూకరత్నం అనుకుంటూనే ఉంటుంది.

బస్టాండు నుంచి ఫోను వస్తుంది. పేర్లు పిలిచేవాళ్లు లేక, ఎటు వెళ్లాలో తెలియక, బస్సులన్నీ ఎక్కడివక్కడే నిలబడిపోయాయట. కొన్ని దిగులుపడి లైట్లు ఆర్పేసుకున్నాయట.

"మా ఆయన తలుపులో ఉన్నారండి," అంటుంది నూకరత్నం.

"తలుపు దగ్గరా, తలుపులోనా?"

"తలుపులోనే."

"అయితే సెలవు కింద రాసుకుంటాం," అని పెట్టేస్తారు.

మధ్యాహ్నానికి రెండద్దాల మధ్య మబ్బు పడుతుంది. ఆయన చేత్తో గుండ్రంగా తుడుచుకుని వీధిలోకి చూస్తూ కూర్చుంటాడు. కాసేపటికి చినుకులు మొదలవుతాయి. బయట ఎండకు తారు కరుగుతోంది. తలుపులో మాత్రం వాన. ఆయన పేపరు నెత్తిన పెట్టుకుంటాడు.

"ఓలమ్మో, తడిసిపోతన్నారు! ముందే జలుబు మనిషి, మొన్న ఆవిరి పట్టింది నానే, మిరియాల పాలు కాసింది నానే, మళ్లీ రాత్రంతా దగ్గుతారు, ఎవులికి నిద్ర..."

నూకరత్నం ఆగుతుంది. లోపల నీళ్లు ఆయన చీలమండల దాకా వచ్చాయి. ఆమె ఆగగానే నీళ్లూ ఆగాయి.

"ఉల్లిపాయలు," అంటుంది పరీక్షగా. నీళ్లు చిటికెడు పెరుగుతాయి.

"కుళ్లిన ఉల్లిపాయలు." ఇంకొంచెం.

ఆడపడుచు గురించి ఒకే ఒక ముక్క అంటుంది. నీళ్లు గబుక్కున మోకాళ్లు దాటుతాయి. ఆ నీళ్లు మరేమీ కావు, ఆమె మాటలే. బయటికి పోయే దారి లేక, వినేవాళ్లు లేక, ఇన్నేళ్లుగా ఆ తలుపులోకి ఇంకి, ఇప్పుడు సీలు వదులయ్యేసరికి ఊరుతున్నాయి.

నూకరత్నం నోరు మూసుకుంటుంది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. కొంగు నోట్లో కుక్కుకుని సోఫాలో కూర్చుంటుంది. పాలు పొంగిపోతాయి, ఏమీ అనదు. పావురం వచ్చి ఆరేసిన వడియాల మీద నడుస్తుంది, ఏమీ అనదు. అంతా అయ్యాక తలుపు వైపు చూస్తే నీళ్లు ఆయన నడుము దాకా ఉన్నాయి. అనని మాటలు కూడా అందులోకే పోతున్నాయి. పైగా అవి అన్నవాటి కన్నా బరువు. చినుకులు కావు, వడగళ్లలా పడుతున్నాయి.

మాట్లాడితే మునుగుతాడు. మానేస్తే ఇంకా తొందరగా మునుగుతాడు. నూకరత్నం తలుపు పెట్టిన మెకానిక్కుకి ఫోను చేస్తుంది, ఎంత తక్కువ మాటలతో వీలైతే అంత తక్కువతో.

"తలుపు. నీళ్లు. రండి."

"ఏ తలుపండీ?" అంటాడు అవతల ఢిల్లీశ్వరరావు. "చెక్కదా, ఇనపదా, మన అద్దాలదా? నీళ్లంటే ఏటి నీళ్లండి, వాన నీళ్లా, కొళాయి నీళ్లా? అసలెవులు మాట్లాడతన్నారు?"

జవాబులు చెప్పేసరికి నీళ్లు ఆయన జేబులో పెన్ను దాకా వస్తాయి.

ఢిల్లీశ్వరరావు సంచీ భుజాన వేసుకుని వస్తాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతాడు. తలుపులో ఉన్న మనిషికి నమస్కారం పెడతాడు. గౌరీశ్వరరావు నీళ్లలోంచి చెయ్యి తీసి ప్రతినమస్కారం చేస్తాడు. మెకానిక్కు అద్దం మీద వేలి కణుపుతో అక్కడక్కడా కొట్టి, పుచ్చకాయ కొనేవాడిలా చెవి పెట్టి వింటాడు.

"సీలు పోయినాదండి. సీలుకి వారంటీ ఉంది. గ్లాసుకి వారంటీ ఉంది. లోపలున్న సారుకి లేదండి. సారు మన కంపెనీ మాలు కాదు కదండీ."

నూకరత్నం చేతులు జోడించి ఏదో ఒకటి చెయ్యమన్నట్టు చూస్తుంది.

"గేసు కొత్తది నింపొచ్చండి. కాని సారు లోపలుండగా నింపితే సారు ఉబ్బిపోతారు. బయటద్దం తీసెయ్యొచ్చు. తీస్తే సారు నీళ్లతో సహా వీధిలో పడతారు. లేదంటే ఉన్నపళంగా తలుపంతా ఊడదీసి ఫేక్టరీకి పంపీడమే. సారుని అలాగే పేక్ చేస్తాం. ఏటీ అవదండి, 'ఇటు పైకి' అని స్టిక్కరు అంటిస్తాం."

ఈ కబుర్లు చెబుతూనే బందులకు నూనె వేస్తాడు. వంకర తిరిగిన తాళంచెవిలాంటి దాంతో కీళ్లు బిగిస్తాడు. తలుపు మునుపటి కన్నా హాయిగా, చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. గౌరీశ్వరరావు దాంతో పాటు బాల్కనీ దాకా ఊగివెళ్లి తిరిగొస్తాడు. ఆయన చుట్టూ నీళ్లు తొణుకుతాయి. ఊరెళ్లి వచ్చినట్టు ఆయన ముఖం కొంచెం తేటపడుతుంది.

"టీ తాగుతాను," అంటాడు ఢిల్లీశ్వరరావు, ఆమె అడక్కపోయినా. టీ తాగుతూ తలుపు అడుగుభాగం చూసి నాలిక చప్పరిస్తాడు. "మరేటంటే అమ్మా, ఈ నీళ్లు పోడానికి అడుగున కన్నాలుండాల. ఏ అద్దాల తలుపుకైనా ఉంటాయి. మీదానికి లేవు. కంపెనీ మర్చిపోయుంటాది."

నూకరత్నం చూపు కూడా తలుపు అడుగు పట్టీ మీద పడుతుంది.

ఆ తలుపుకు గడప లేదు. పెట్టిన రోజునే ఆమె అడిగింది, గడపేదీ అని. వీటికి గడపలుండవన్నారు. గడప లేకపోతే శుక్రవారం నాడు పసుపు దేనికి రాయాలి? రెండు రోజులు మథనపడి, అడుగున ఉన్న ఆ తెల్ల ప్లాస్టిక్కు పట్టీనే గడప అనుకుంది. అనుకుని చూస్తే దాని మీద వరసగా, ఎడంఎడంగా, వేలికొన పట్టేటన్ని కన్నాలున్నాయి. బొట్లు పెట్టుకోవడానికని కంపెనీవాళ్లే ఇచ్చారు కాబోలు, ఎంత ఆచారం తెలిసినవాళ్లు, అని మురిసిపోయింది కూడా. ప్రతి శుక్రవారం పట్టీ అంతా పసుపు రాసి, ఒక్కో కన్నంలో పసుపు ముద్ద కూరి, దాని మీద కుంకుమ బొట్టు అద్దింది. శుక్రవారం మీద శుక్రవారం పడి అది ఇప్పుడు సిమెంటయింది. ఢిల్లీశ్వరరావు కూడా ఆ బొట్లు చూసి ఇందాకే దణ్ణం పెట్టుకున్నాడు. కన్నాలని అనుకోలేదు.

మొగుడిని ముంచుతున్నది తన నోరొక్కటే కాదు, తన భక్తి కూడా. నూకరత్నం జడలోంచి పిన్ను లాగుతుంది. తలుపును బాల్కనీ అంచు దాకా తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, బయటి వైపు చివరి బొట్టులోకి పిన్ను గుచ్చుతుంది.

ఒక్క చుక్క ఊడి కింద వీధిలోకి పడుతుంది. కింద తవిటమ్మ ఇస్త్రీ బండి ఉంది. చుక్క బండి మీద పడి నూకరత్నం గొంతుతో పలుకుతుంది: "తవిటమ్మ నా పట్టుచీర అంచు మాడ్చేసి ఎలక కొరికిందని చెప్పింది."

తవిటమ్మ బొగ్గుల పెట్టె పక్కన పెట్టి పైకి చూస్తుంది. "ఎలకే కొరికిందమ్మా," అంటుంది నెమ్మదిగా.

రెండో చుక్క పడుతుంది. "ఎలకకి ఇస్త్రీపెట్టి ఎవరిచ్చారో."

నూకరత్నం గబుక్కున కన్నానికి వేలు అడ్డం పెట్టేస్తుంది. ముఖం జేవురిస్తుంది. ఎదురుగా కల్యాణమండపం ముందు ఎవరిదో పెళ్లి, మనుషులు కిక్కిరిసి ఉన్నారు. తన అపార్టుమెంటు వాళ్లు అక్కడే ఉన్నారు. ఆమె అన్నవి వినపడితే సిగ్గు, సరే, తట్టుకోవచ్చు. రేపట్నించి గోంగూర బండి దగ్గర ఎవరూ పలకరించరు, అంతే. కానీ అననివి కూడా ఇందులోనే ఉన్నాయి. వాటిలో ఒకటి ఉంది. అది అడుగున ఉంది. అది ఎవరి చెవినైనా పడేకన్నా తానే ఆ అద్దాల మధ్య దూరి మునిగిపోవడం మేలు అనుకుంటుంది.

తల ఎత్తి చూస్తుంది. నీళ్లు ఆయన గడ్డం కిందికి వచ్చాయి. కుర్చీ తేలుతోంది. ఆయన పేపరు తడవకుండా ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేతి వేలితో అద్దం మీది మబ్బులో ఏదో రాస్తున్నాడు. కాపాడమని కాబోలు అనుకుంటుంది. దగ్గరికి వెళ్లి చదువుతుంది.

పెసరట్టు బాగుంది, అని ఉంది.

నూకరత్నం ముక్కు ఎగబీలుస్తుంది. తర్వాత పిన్ను అడ్డంగా పట్టుకుని, బొట్టు తర్వాత బొట్టు, వరసగా పెకలిస్తూ పోతుంది. ఢిల్లీశ్వరరావు టీ కప్పు కింద పెట్టి, "అవి కన్నాలా అమ్మా?" అంటాడు.

ధార కడుతుంది. వీధంతా నూకరత్నం గొంతు కురుస్తుంది. అపార్టుమెంటు ప్రెసిడెంటుకు మోటారు వెయ్యడం చేతకాదు గానీ మీసం దువ్వడం చేతనవును. పై ఫ్లాటువాళ్లు రోట్లో దంచేది మసాలా కాదు, నా నెత్తి. పాలు, పాలు, పొంగిపోయాయి పాలు. మా ఆడపడుచు నవ్వితే మాత్రం అచ్చం మా ఆయనలాగే ఉంటుంది, ఆ ఒక్కందుకే ఊరుకుంటున్నాను. మిరియాల పాలు తాగండి. ఏవండీ. ఏవండీ. విన్నారా. ఏవండీ.

పెళ్లివాళ్లు గొడుగులు వేసుకుంటారు. బాజావాళ్లు మర్యాదకు వాయించడం ఆపేస్తారు. తవిటమ్మ ఇస్త్రీ బట్టల మీద పట్టా కప్పి, తను మాత్రం తడుస్తూ నిలబడి అన్నీ వింటుంది. ప్రెసిడెంటు మీసం మీద చెయ్యి వేసుకుని, తీసేస్తాడు. ఎవరూ కోప్పడరు. చాలా మాటలు వాళ్లింట్లో కూడా ఉన్నవే.

నీళ్లు ఆయన నడుము దిగి, మోకాళ్లు దిగి, చీలమండలు దిగుతాయి. ఆఖరున ఒక ముద్ద మిగులుతుంది. పసుపుతో కలిసి గట్టిపడి, కన్నానికి అడ్డం పడి, కదలదు. నూకరత్నం పిన్ను ఆపేస్తుంది. అది అక్కడే ఉండిపోతే బాగుండునని ఆమెకు ఉంది. కానీ అది తనంతట తనే నాని, మెత్తబడి, కన్నంలోంచి జారి వీధి మధ్యలో పడుతుంది.

"పొద్దున్న లేచింది మొదలు ఎక్కడెక్కడి ఊళ్ల పేర్లో నోరారా పిలుస్తారు. నా పేరు పెట్టి ఒక్కసారి పిలవరు."

నూకరత్నం చేతుల్లో ముఖం దాచుకుంటుంది. కన్నాలన్నీ ఖాళీ అయ్యాయి కనక ఇప్పుడు వాటిలోంచి గాలి వెళుతోంది, మాట వెళుతోంది. అద్దాల మధ్యలోంచి ఆయన గొంతు మొదటిసారి ఇవతలికి వస్తుంది.

"విన్నాను," అంటాడు గౌరీశ్వరరావు.

"నా నోరు పడలేకే కదా అందులోకి ఎల్లిపోనారు?" అంటుంది ఆమె చేతుల్లోంచే.

"కాదు. బస్టాండు హోరు నా చెవుల్లోంచి దిగడం లేదు. నువ్వేం చెప్పినా దాని కిందే పడిపోతోంది. ఇక్కడైతే నిశ్శబ్దంగా ఉంటుంది కదా, హోరు దిగిపోతే నీ మాట వినొచ్చని వచ్చాను."

"నిశ్శబ్దంగా ఉంటే నా మాట మాత్రం ఎలాగ వినపడతాది?"

ఆయన ఆలోచిస్తాడు. "అంతదాకా ఆలోచించలేదు," అంటాడు.

ఇంతకు ముందు ఆయన అలిగాడని అనుకోవడం కష్టంగా ఉండింది. ఇప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టంగా ఉంది. నూకరత్నం చేతులు తీసి ఆయన వైపు చూస్తుంది. "అయితే ఇంక రండి."

"ఎలా వచ్చానో గుర్తులేదు," అంటాడు. తర్వాత లేచి నిలబడతాడు. తడిసిన చొక్కా సర్దుకుంటాడు, గొంతు సవరించుకుంటాడు, పిడికిలి మైకులా నోటి ముందు పెట్టుకుంటాడు. ఇంట్లో ఆయన ఆ గొంతు ఎప్పుడూ వాడలేదు.

"ప్రయాణికులకు గమనిక. నూకరత్నం. నూకరత్నం. నూకరత్నం వెళ్లవలసిన బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

బస్టాండులో దిగాలుగా నిలబడి ఉన్న బస్సుల్లో ఒకటి లైట్లు వేసుకుంటుంది. అది ఎలా వచ్చిందో గానీ రెండద్దాల మధ్యకే వస్తుంది, పెసరట్టంత పల్చగా, ఎర్రగా, నుదుట పెద్ద అక్షరాలతో ఆమె పేరు రాసుకుని. గౌరీశ్వరరావు కుర్చీ చంకన పెట్టుకుని ఎక్కుతాడు. "నూకరత్నం ఒకటి," అని టిక్కెట్టు తీసుకుంటాడు. వీధిలోంచి పెళ్లివాళ్లు ఎక్కుతారు, బాజాలు టాపు మీద కట్టేస్తారు. ఢిల్లీశ్వరరావు టీ కప్పుతో సహా ఎక్కి కిటికీ అద్దం కొట్టి చూస్తాడు. తవిటమ్మ ఫుట్‌బోర్డు మీద బొగ్గుల పెట్టె పట్టుకుని నిలబడుతుంది. కండక్టరు గంట కొడతాడు.

నూకరత్నం తలుపుకు ఇవతల నిలబడి ఉంది. ఆమె కుడిచేతి పక్కన మెల్లగా ఒక ప్లాట్‌ఫారం లేస్తుంది. ఎడమ భుజం మీద వీధి దీపం వెలుగుతుంది. మెడ వంపులో రెండు సందులు, ఒక కిళ్లీ కొట్టు, వడియాలు ఆరేసిన మేడలు. ఆమె కదలకుండా నిలబడుతుంది, ఆ మేడల్లో ఎవరి పాలూ ఒలికిపోకూడదని.

బస్సు అద్దంలోంచి దిగి, దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగుతుంది. "నూకరత్నం, నూకరత్నం, దిగాల దిగాల," అని కండక్టరు అరుస్తాడు. అందరికన్నా ముందు గౌరీశ్వరరావు దిగుతాడు. చాలా కాలంగా పేరు మాత్రమే విన్న ఊరికి మొదటిసారి వచ్చినవాడిలా అటూ ఇటూ చూస్తాడు. ఊరి మొదట్లో ఒక గడప ఉంది. దానికి పసుపు పచ్చిగా ఉంది, కుంకుమ బొట్లు పక్కపక్కకు జరిపి పెట్టి ఉన్నాయి, కన్నాలు ఖాళీగా వదిలేసి ఉన్నాయి. వాటిలోంచి పాలతో మాట్లాడుతున్న గొంతు వినపడుతోంది. ఆయన కుర్చీ కింద పెట్టి, చెప్పులు విప్పి, గడప తొక్కకుండా దాటి ఊళ్లోకి వెళతాడు.